కూకుంటన్న ఇల్లు

నేను గోలీ తీసి నేల మీద పెట్టగానే మాస్టారు నవ్వారు. ఆయనతో పాటు అరుగు మీద కూర్చున్న నలుగురూ నవ్వారు. ఆ నలుగురూ ఎవరో, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో నాకు ఇప్పటికీ గుర్తే.

"ఏటే, ఇల్లు చూడ్డానికొచ్చావా, గోలీలాడ్డానికొచ్చావా?" అన్నారాయన.

అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుగా పదేళ్ళ సర్వీసు ఉంది. దారిలో ఎదురైతే ముసలివాళ్ళు కూడా నర్సమ్మా అనే పిలుస్తారు. కానీ ఆశ్రమ పాఠశాలలో ఆయన దగ్గర తెలుగు చదువుకున్నాను. అందుకని ఆయనకి నేనెప్పుడూ "ఏటే"నే.

గోలీ కాసేపు ఉన్నచోటే నిలబడింది. తర్వాత నెమ్మదిగా దొర్లి ఈశాన్యం మూలకెళ్ళి గోడకి తగిలి ఆగింది. తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అక్కడికే వెళ్ళింది. గది మారి పెట్టాను. గుమ్మం దాటి అదే మూలకి వచ్చింది.

"నేల వాలుందండీ మాస్టారూ."

"ఉండదా మరి? ఈశాన్యం పల్లం ఉండాలి, నైరుతి ఎత్తుండాలి. వాస్తు అంటారు దాన్ని. కింద మైదానంలో ఆ పల్లం కోసం డబ్బులిచ్చి గచ్చులు తవ్వించుకుంటున్నారు. మనకి దానంతటదే వచ్చింది."

అరుగు మీద నలుగురూ తలలూపారు. దానంతటదే వచ్చింది అన్న మాట దగ్గర ఒక్కరూ ఆగలేదు.

తొంభైల చివర్లో వాస్తు ఘాటు రోడ్డెక్కి మా అరకు దాకా వచ్చింది. అంతకుముందు మా కొండల్లో ఇల్లు కట్టుకునేటప్పుడు నేల ఎటు వాలితే అటు, గాలివాన ఎటునుంచి కొట్టదో అటు గుమ్మం పెట్టుకునేవాళ్ళం. మాస్టారూ మావాడే, కొండవాడే. కానీ స్టాఫ్ రూములో మైదానం నుంచి వచ్చిన పంతుళ్ళ మధ్య ఇరవై ఏళ్ళు కూర్చున్నాడు. వాళ్ళ దగ్గర నేర్చుకున్నవన్నీ మా మీద ప్రయోగించేవాడు. ఏడో తరగతిలో నేను "సెట్టు" అని రాస్తే క్లాసులో లేచి నిలబెట్టి, "ఇదిగో, సెట్టెక్కింది కోతి" అన్నాడు. ఆ ఏడాదంతా పిల్లలు నన్ను సెట్టు అనే పిలిచారు. ఇది రాసేటప్పుడు నాకు కోపమేమీ రావడం లేదు. జరిగింది కాబట్టి రాస్తున్నాను.

అయినా ఆయన అమ్మకానికి పెట్టిన ఇంటికే వెళ్ళానంటే కారణం ఉంది. ఏజెన్సీలో చట్టం ప్రకారం మావాళ్ళ ఇల్లు మావాళ్ళే, గిరిజనులే, కొనాలి. అమ్మకానికి ఇల్లు రావడమే అరుదు. వచ్చినా నడిచి డ్యూటీకి వెళ్ళగలిగేంత దగ్గరలో రాదు. నేను అప్పటికి ఒక దుకాణం వెనక రేకుల గదిలో అద్దెకుండేదాన్ని. మా ఆయన డొంకరాయి వైపు పనికి వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆయన గురించి ఇంతకన్నా రాయను. గదిలో నేనూ, నా కూతురూ, పదేళ్ళ గుంట, ఉండేవాళ్ళం. వానాకాలంలో రేకులు కారి గుంట మంచం తడిసేది. బాగుచేయించమని దుకాణదారుని మూడుసార్లు అడిగాను. మూడోసారి బేరానికి వచ్చినవాళ్ళందరూ వింటుండగా అన్నాడు: "అడివిలో పడుకునీవోళ్ళు మీరు, సినుకు పడితే ఏటయిపోద్ది?"

ఆ రోజే అనుకున్నాను, వచ్చే వానాకాలానికి మా గుంట సొంత కప్పు కింద పడుకోవాలని.

మాస్టారి ఇల్లు చూపుకి బాగుండేది. కొండవాలున రెండు గదులు, ఒక వసారా, పైన పెంకు, గోడలు ఇటుకవి. వెనక నాలుగు సిల్వర్ ఓక్ చెట్లు, వాటి కింద కాఫీ మొక్కలు. ఈశాన్యం వైపు దిగువన గెడ్డవాగు పారుతుంది. ఆ మూల గదే పెద్దది. కిటికీ తెరిస్తే చల్లగా గాలి వస్తుంది. గుంట లోపలికెళ్ళి, "అమ్మా, నా మంచం ఇక్కడేద్దాం" అంది. ఆ కిటికీ కింది మూల నుంచే గోడలో బీట మొదలైంది. ఇటుక ఇటుకకీ మధ్య మెట్లు మెట్లుగా దిగి మూల వరకూ వెళ్ళింది. పైన రూపాయి బిళ్ళ దూరేంత ఉంది, కిందికి వచ్చేసరికి సన్నబడి ఎర్రమన్ను పూతలో కలిసిపోయింది. ఆ గది తలుపు గచ్చుని ఒరుసుకుంటుంది. సగం కన్నా ఎక్కువ తెరుచుకోదు.

"అది నెర్రె" అన్నారు మాస్టారు. "కొత్తలో ఇల్లు ఓ ఏడాది కాస్త కుంగి కూర్చుంది. ఏ ఇల్లయినా కూర్చుంటుంది. ఇంక లేవదు, ఇంక కూర్చోదు."

మళ్ళీ నవ్వారు నలుగురూ.

నాకు గోడలంటే భయం అనను. అంతకన్నా పాత విషయం ఒకటుంది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా ఊళ్ళో మా మట్టింటి వెనక గోడ బీటలిచ్చింది. అలుకు చేసేటప్పుడు మామ్మ వెంట నేనుండేదాన్ని. నా వేళ్ళు రెండు అందులో దూరాయి. కిందటి ఏడు ఒకటే దూరింది. పరిగెత్తుకెళ్ళి మా నాన్నకి చెప్పాను. "గుంటకేటి తెలుసు" అని మా బాబాయితో అని నవ్వాడు. శ్రావణంలో ఆ గోడ మామ్మ కాళ్ళ మీద పడింది. ఆవిడ ఆ తర్వాత ఆరేళ్ళు బతికింది. నడవలేదు. ఆ ఆరేళ్ళలో ఒక్కరు కూడా, గుంట ముందే చెప్పింది కదా, అనలేదు. నేను ఎదురుచూశాను. అనలేదు.

అందుకని మాస్టారితో, మేస్త్రీని తీసుకొచ్చి చూపించుకుంటానన్నాను.

"నా మాట మీద నమ్మకం లేదా?"

"గోడ మీద లేదండి."

మర్నాడే ఆయన ఊరంతా చెప్పాడు, "నేను పాఠం చెప్పిన గుంటే నన్ను దొంగని చేసింది" అని. ముగ్గురు వేరువేరుగా వచ్చి నాకా మాట చేరవేశారు. వాళ్ళూ గుర్తున్నారు.

మేస్త్రీ ఎస్.కోట వైపు మనిషి. మైదానం వాడైనా మాట తక్కువ. ముందు ఇల్లంతా ఒకసారి చుట్టి వచ్చాడు. తర్వాత గోడ పైనుంచి దారానికి కట్టిన ఇనపగుండు వదిలాడు. పైన గోడకీ దారానికీ మధ్య ఒక వేలు సందు ఉంటే కింద నాలుగు వేళ్ళు ఉంది. పొడుగాటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోసి ఒక కొస నైరుతి మూల నన్ను పట్టుకోమన్నాడు, రెండో కొస తను ఈశాన్యం మూల పట్టుకున్నాడు. అటూ ఇటూ నీళ్ళ ఎత్తుకి గోడ మీద గీత పెట్టి, గీత నుంచి నేలకి కొలిచాడు. ఈశాన్యం మూల నేల జానెడు దిగి ఉంది. కప్పు అంచుని చూపించి, "వానంతా ఇక్కడే పడతంది, కాలవ నేదు" అన్నాడు. చివరికి మాస్టారిని అడిగి, మూల బయట గునపంతో తవ్వాడు.

అడుగున్నరలో పునాది రాళ్ళు అయిపోయాయి. మట్టితో పేర్చిన రెండు వరసలంతే. దాని కింద నల్లటి బంకమన్ను. మేస్త్రీ దాన్ని అరచేతిలో నలిపి నాకు చూపించాడు. అందులో నత్తగుల్లలు తెల్లగా, గోరంత గోరంత ఉన్నాయి.

"ఇది మడమ్మా. వరి పండిన మడి. పై సగం ఎర్రగట్టు మీద కట్టినారు. ఈ సగం మడి పూడ్సి కట్టినారు. ఒక కాలు గట్టు మీద, ఒక కాలు బురదలో."

"కొనమంటావా, వద్దంటావా?"

"అదిప్పుడు సెప్పలేను. ఇల్లు కూకున్నమాట నిజమే. కూకుండిపోనాదా, కూకుంటన్నాదా, అదీ తేలాల. కూకుండిపోనాదనుకో, బీట పూడ్సుకుని బతకొచ్చు. కూకుంటన్నాదనుకో, ఏటి పూసినా మళ్ళీ తెరుసుకుంటది."

"ఎలా తేలుతుంది?"

"బీటకి అడ్డంగా అద్దం ముక్కలు సిమెంటుతో అతికించీడమే. గోడ కదిలితే గాజు ఇరుగుతాది. ఓ వానాకాలం పోవాల."

వానాకాలం పోవాలి. అంటే ఆ ఏడు కూడా గుంట రేకుల కిందే పడుకోవాలి. నేను ఒప్పుకున్నాను. మొండితనం అన్నారు. అవును.

అద్దం ముక్కలు నా దగ్గరే ఉన్నాయి. జ్వరం వచ్చినవాళ్ళ వేలు పొడిచి రక్తపు చుక్క తీసుకునే గాజు స్లైడ్లు. గీతలు పడి పక్కన పెట్టినవి నాలుగు అడిగి తీసుకున్నాను. ఆస్పత్రిలో స్లైడ్లు చూసే అబ్బాయి, "ఎందుకప్పా?" అన్నాడు. ఇంటికి అన్నాను. "ఇంటికి కూడా జొరమొచ్చిందా? రిపోర్టు రేపు రమ్మను" అన్నాడు. నేను నవ్వలేదు. వాడు మంచివాడే. వాడి మాట ఏదీ నేను మనసులో పెట్టుకోలేదు.

మనుషుల స్లైడ్ల మీద వేసినట్టే, వీటి మీదా ఒకటి నుంచి నాలుగు వరకూ నెంబర్లు గీశాను. మేస్త్రీ కిటికీ దగ్గర ఒకటి, మూల దగ్గర ఒకటి, మధ్యలో రెండు పెట్టి, ప్రతి గాజుకీ రెండు కొసలా సిమెంటు ముద్ద పెట్టాడు. మాస్టారు అరుగు మీంచే చూస్తూ కూర్చున్నారు. "ఈశాన్యంలో గాజు పెంకులు పెడుతున్నారు. దరిద్రం" అన్నారు, నాకు వినిపించేటట్టు.

జ్యేష్ఠం చివర వానలు దిగాయి. ప్రతి ఆదివారం డ్యూటీ అయ్యాక వెళ్ళి చూసి వచ్చేదాన్ని. నాలుగూ బాగానే ఉన్నాయి. ఆషాఢంలోనూ బాగానే ఉన్నాయి. మాస్టారు నాతో మాట్లాడటం మానేశారు. ఆయన భార్య గుమ్మంలో కనబడితే తల ఊపేది. చిన్నమనిషి, చెంపల మీద పాతకాలపు పచ్చబొట్లు. ఎప్పుడూ ఏదో పనిలో ఉండేది. నేను గొడుగు ముడిచి గోడ దగ్గర వంగితే, ఆవిడ చేట పట్టుకుని నా వెనక నిలబడి చూసేది. నేనెప్పుడూ ఆవిడతో మాట్లాడలేదు.

శ్రావణంలో జ్వరాలు పెరిగాయి. పైఊళ్ళకి క్యాంపులు వేశారు. గుంటని మా అక్క దగ్గర వదిలి మూడు వారాలు తిరిగాను. వాన ఆగలేదు. క్యాంపులో పడుకుని గోడ గురించి ఆలోచించానా అంటే, లేదు. అసలేమీ ఆలోచించలేదు. వేళ్ళు పొడిచాను, మాత్రలు ఇచ్చాను, నడిచాను.

తిరిగి వచ్చేసరికి భాద్రపదం, కొర్రకొత్త పండగ దగ్గరికొచ్చింది. కొత్త కొర్రలు మొదటిసారి వండుకుని తినే పండగ. ఆ పండగ ముందు మా ఇళ్ళల్లో గోడలన్నీ ఎర్రమన్నుతో అలుకుతారు. మాస్టారింటికి వెళ్ళి చూస్తే గోడ నున్నగా, తడి ఆరని ఎర్రగా ఉంది. బీట లేదు. గాజులూ లేవు.

నేను అరిచాను. అప్పట్లో అరిచేదాన్ని.

"గాజులు కప్పెట్టించేశారు మాస్టారూ! మూడు వారాలు నేను లేనని చూసి!"

"పండక్కి గోడలు అలకరా? మీ ఇంట్లో అలకలేదా ఎప్పుడూ?"

అలికాం. చిన్నప్పుడు ఊళ్ళో ఏ ఇల్లు నున్నగా అలికి ఉంటే అది మంచి ఇల్లు అనుకునేదాన్ని. ఇల్లు చూడటానికి మొదటిరోజు వచ్చినప్పుడు కూడా, బీట చూశాక కూడా, ఆ అడుగు పూత నున్నదనం చూసి శుభ్రమైన మనుషులు అనుకున్నాను.

గోడ దగ్గర కూర్చుని గోళ్ళతో మన్ను గోకాను. కిటికీ దగ్గరి ఒకటో నెంబరు బాగానే ఉంది. రెండోది మధ్యకి విరిగి రెండు ముక్కల మధ్య గింజంత ఖాళీ ఉంది. మూడోదీ అంతే. మూల దగ్గరి నాలుగోది బాగుంది.

మాస్టారు వచ్చి వంగి చూశారు. ఆయన ముఖం చూడాలనిపించలేదు.

"అలికేటప్పుడు మా ఆవిడ చెయ్యి తగిలి విరిగుంటాయి" అన్నారు.

అప్పుడు ఆవిడ మాట్లాడింది. వసారాలో కొర్రలు చెరుగుతోంది, చేట ఆపలేదు.

"నా సెయ్యి తగల్నేదు. నానలికినప్పటికే ఇరిగున్నాయి."

"నీకేటి తెలుసు, ఊరుకో."

"నాకేటి తెల్దు? ఆ గోడ నానలుకుతాను. నువ్వలుకుతావా?" చేట కింద పెట్టి చేతులు దులుపుకుని వచ్చింది. నా పక్కన కూర్చుని మూల దగ్గర అరచెయ్యి ఆనించింది. "ఇదిగో అమ్మా, ఇల్లు కట్టిన కొత్తలో ఈ మూలకి ఓ గుప్పెడు మన్ను ఎక్కువ పట్టీది. మా పెద్దోడు పుట్టిన ఏడు సేటెడు పట్టింది. తరవాత సగం తట్ట. కిందటేడు తట్ట. మొన్న తట్టన్నర. తక్కిన మూడు మూలలకీ మొదటేడు ఎంతో, ఇప్పుడూ అంతే."

మాస్టారు కూడా వంగి ఆ మూల తడిమారు. తర్వాత, "ఇన్నేళ్ళూ నాతో చెప్పలేదేం?" అన్నారు.

"నువ్వడగనేదు."

నేనూ అడగలేదు. గోలీని అడిగాను, గుండు దారాన్ని అడిగాను, నీళ్ళ గొట్టాన్ని, మేస్త్రీని, నాలుగు గాజు ముక్కల్ని అడిగాను. ప్రతి ఆదివారం నా వెనక చేట పట్టుకుని నిలబడ్డ మనిషిని అడగలేదు. మా నాన్న నా గురించి అన్నమాట నేను ఆవిడ గురించి నోటితో అనలేదు. అంతే తేడా. ఈ మాట రాయడానికి నాకు ఇష్టం లేదు. కానీ మిగతావాళ్ళవి రాసి నాది వదిలేస్తే బాగుండదు.

మాస్టారు రేటు తగ్గిస్తానన్నారు. బాగుచేయించడానికి అయ్యేంత తగ్గించండి, అంతకన్నా పైసా వద్దు, కానీ ఒక మాట చెప్పండి అన్నాను. ఆ రోజు అరుగు మీదున్న నలుగుర్నీ పిలిచి, గుంట చెప్పింది నిజమే, ఇల్లు ఇంకా కూకుంటన్నాది అని చెప్పండి అన్నాను. ఆయన తగ్గించే మొత్తం పెంచారు. నేను వద్దన్నాను. ఇంకా పెంచారు. ఇంత బతిమాలి తగ్గించినవాడూ, ఇంత వద్దన్నదీ అరకులో ఇంకెవరూ ఉండరని మా అక్క తిట్టింది. రెండు వారాలు అలా జరిగింది. ఆయన ఆ మాట అనలేదు.

మేస్త్రీని మళ్ళీ తీసుకెళ్ళి చూపించాను. "కూకుంటన్నాది. కానీ ఒక్క మూలే. ఆపొచ్చు" అన్నాడు. ఇంకోచోట ఇల్లు చూసుకోవచ్చు కదా అని అక్క అడిగింది. ఆ ఇంట్లో కూడా ఏదో ఒక మూల ఉంటుంది. అది ఏ మూలో నాకు తెలీదు. దీనిది తెలుసు.

మాట వదులుకుని ఇల్లు తీసుకున్నాను. నేను వదులుకున్నవి తక్కువ. అందులో అదొకటి. ఆయన ఇప్పుడు లేరు. ఉన్నన్నాళ్ళూ అనలేదు.

మార్గశిరంలో నేల ఆరాక పని మొదలైంది. మూల మొత్తం ఒకేసారి తవ్వితే గోడ కూలుతుంది. అందుకని మేస్త్రీ మూడడుగులు తవ్వి, మూడడుగులు వదిలి, మళ్ళీ మూడడుగులు తవ్వాడు. ఎర్రగట్టు తగిలేవరకూ దిగాడు. గోతిలో నిలబడితే అతని రొమ్ము దాకా వచ్చింది. అక్కడి నుంచి రాయీ సిమెంటూ పేర్చుకుంటూ పాత పునాది అడుగు వరకూ వచ్చి, పైసందులో రాతిచెక్కలు బిగించాడు. అది గట్టిపడ్డాక వదిలిన చోట్లు తవ్వాడు. తీసిపోసిన నల్లమన్నులో గుంట నత్తగుల్లలు ఏరి సీసాలో వేసుకుంది. తర్వాత చూరుకి రేకు కాలవ కట్టించి నీళ్ళు గెడ్డలోకి వదిలాం. నేలలో జానెడు పల్లం అలాగే ఉంచేశాను. దాన్ని లేపాలంటే ఇల్లంతా విప్పాలి. చూడ్డానికొచ్చిన వాళ్ళు ఈశాన్యం పల్లం చూసి, మంచి వాస్తు అని ఇప్పటికీ అంటారు.

బీట పూడ్చి కొత్త గాజులు నాలుగు పెట్టించాను. వచ్చే వానాకాలం వరకూ ఆ గదిలో ధాన్యం బస్తాలు, నా క్యాంపు పెట్టె తప్ప ఏమీ పెట్టలేదు. ఇద్దరం రెండో గదిలో పడుకున్నాం. గుంట అడుగుతూనే ఉండేది. "అమ్మా, ఎప్పుడు?" వానలు పోవాలి అనేదాన్ని.

ఆ ఏడు శ్రావణంలో నాలుగు రోజులు వదలకుండా కురిసింది. గెడ్డ వంతెన మీంచి పారింది. అయిదోరోజు పొద్దున్న తెరిపిచ్చాక గాజులు చూశాను. వేలుగోరుతో ఒక్కొక్కటీ తడిమాను. నాలుగూ ఒకే ముక్క. సంతోషం వేస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. ఏమీ వేయలేదు. గుంటకి జడ వేయాలని గుర్తొచ్చి లోపలికి వెళ్ళాను.

దసరా సెలవుల్లో గుంట మంచం ఆ గదిలో వేశాను. మంచానికీ గోడకీ మధ్య ఒక చాప పట్టేంత వదిలి, చాప మీద నేను పడుకున్నాను. గుంట రెండు రోజులు ఊరుకుంది. మూడోరోజు, "నువ్వక్కడుంటే నాకు కిటికీ అందటం లేదమ్మా, అటెళ్ళి పడుకో" అంది.

నేను వెళ్ళలేదు. సంక్రాంతి దాటింది, హోళీ దాటింది. ఎండాకాలంలో ఒక రాత్రి కాన్పుకి పిలిస్తే వెళ్ళి పొద్దున్న వచ్చేసరికి చాప చుట్టి గది గుమ్మం బయట పెట్టి ఉంది. మంచం గోడకి జరిపి ఉంది. గుంట కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నిద్రపోతోంది. చాప తీసుకుని రెండో గదిలోకి వెళ్ళాను.